పాతరకు రెండో మూత

నేను మార్టూరులో రాళ్ళ మీద అక్షరాలు చెక్కుతాను. చెక్కుతాను అనగానే ఉలి, సుత్తి, నుదుటి మీద చెమట ఊహించుకోకండి. కంప్యూటర్లో టైపు చేసి, అక్షరాలు కత్తిరించిన స్టిక్కరు నల్లరాయి మీద అంటించి, గొట్టంతో ఇసుక కొడతాం. స్టిక్కరు లేనిచోట రాయి గుంట పడుతుంది. ఆ గుంటలో బంగారు రంగు పూస్తే శిలాఫలకం తయారు. ఈ పనిలో నాకు తెలిసొచ్చింది ఒకటే. మా దగ్గరికి శంకుస్థాపన రాళ్ళు వచ్చినన్ని ప్రారంభోత్సవ రాళ్ళు రావు. సమాధి రాళ్ళవాళ్ళే నయం. పని పూర్తయ్యాకే వస్తారు.

మాది పొదిలి వైపు మెట్ట ఊరు. మిరప, పత్తి, పొగాకు, కాస్త కంది. ఎటు చూసినా పంటే, తినాలంటే మాత్రం బియ్యం బయటినుంచి రావాలి. మిరపకాయ తినేదే కదా అనొచ్చు. నిజమే, నంచుకోవడానికి. ముందు అన్నం ఉండాలి.

మా చేలో ఒక మూల చిన్న దిబ్బ ఉండేది. దాని మీద నాగలి పెట్టకూడదు, ట్రాక్టరు ఎక్కకూడదు, మూత్రం పోయకూడదు. ఇది మా నాయనమ్మ శాసనం. ఆ చేను ఆమె పుట్టింటిది. ఒక్కతే కూతురు కాబట్టి తాతే ఇల్లరికం వచ్చాడు. అందువల్ల మా ఇంట్లో శాసనాలన్నీ ఆమెవే. పత్తి సాళ్ళు నేరుగా వచ్చి, దిబ్బ దగ్గర వంపు తిరిగి, మళ్ళీ నేరుగా పోయేవి. పైనుంచి చూస్తే మా చేను నున్నగా దువ్విన తలలో లొంగని సుడిలా ఉండేదేమో. అది ఎందుకలా అని అడిగితే, "మా నాన్న అందులో పోయాడు" అనేది. అంతకంటే చెప్పేది కాదు. పుట్టలో పాము కరిచి పోయుంటాడని నేనే సర్దుకున్నాను. 

మంచినీళ్ళ పైపులైను కోసం తవ్వుతూ జేసీబీవాడు ఆ దిబ్బను గీరాడు. వాడికి మా నాయనమ్మ శాసనాలు తెలియవు పాపం. కింద ఒక బండ లేచింది, దాని కింద చీకటి గొయ్యి కనపడింది, వాడు బండి వదిలేసి దూరంగా నిలబడ్డాడు. ఆ కబురు మార్టూరు చేరేసరికి మధ్యలో ఎన్ని ఊళ్ళు తగిలాయో గానీ, గొయ్యి కాస్తా లంకెబిందెలు అయిపోయింది. 

"ఏరా, మీ చేలో లంకెబిందెలంటగా! పార్టీ ఎప్పుడ్రా?" అని ఫ్రెండ్సు. 

"రేపట్నుంచి పనికి వస్తావా, రావా? చెప్తే ఇంకొకణ్ణి చూసుకుంటా," అని మా ఓనరు. 

బస్సెక్కి ఇంటికి పోయాను. నాయనమ్మ వసారాలో గోడకి ఆనుకుని కూచుని ఉంది. ఆమెకి తొంభై దాటాయి. కళ్ళు మసకేసినా మాట మసకేయలేదు.

"బిందెలేవి నాయనమ్మా? నా వాటా నాకిచ్చెయ్, పోతా."

"బిందెలు కాదురా, పాతర. జొన్నల పాతర."

పాతర అంటే మా వయసువాళ్ళకి చెప్పాలి. సుద్దనేలలో కూజాలాగా తవ్విన గొయ్యి. మూతి సన్నం, పొట్ట పెద్దది. లోపల చుట్టూ చొప్ప పేర్చి, జొన్నలు పోసి, మూతికి బండ పెట్టి, మట్టితో మెత్తి, దానిపైన దిబ్బ పోసేవాళ్ళు. దిబ్బ అలంకారానికి కాదు. వాన నీళ్ళు పక్కలకి జారిపోవడానికి. దిబ్బ ఉన్నన్నాళ్ళూ లోపలి జొన్నకి ఢోకా లేదు. అయితే తెరవడానికి ఒక పద్ధతి ఉంది. బండ తీసి ఒక పగలు, ఒక రాత్రి అలా వదిలెయ్యాలి. మూసిపెట్టిన గింజల గాలి మనిషిని చంపుతుంది. మర్నాడు తాడుకి దీపం కట్టి దింపాలి. ఆరిపోతే ఇంకా ఆగాలి. వెలుగుతూ ఉంటేనే మనిషి దిగాలి. 

ఆ సాయంత్రం ఆమె నాకు మొత్తం చెప్పింది. నేను మధ్యలో అడ్డం పడుతూనే ఉన్నాను, ఆమె తిడుతూనే చెప్పింది.

ఆమె చిన్నపిల్ల. ఎక్కడో యుద్ధం. తెల్లవాళ్ళ ప్రభుత్వం ఒక ఆర్డరు వేసింది. ఇంట్లో తిండికి ఇంత అని వాళ్ళే లెక్క కట్టి, మిగతా గింజంతా సర్కారుకి అమ్మాలన్నారు. ఒక తాలూకా గింజ ఇంకో తాలూకాకి పోకూడదన్నారు. ఆఫీసరు, బంట్రోతులు వచ్చి చేలల్లో పాతరలన్నీ గుర్తుపెట్టారు. బళ్ళు పంపి తీసుకుపోతాం, అందాకా ఎవరూ ముట్టుకోకూడదు అని సీలు వేశారు. సీలు వెయ్యాలంటే బండ కనపడాలిగా? అందుకని పైనున్న దిబ్బలన్నీ చదును చేయించారు. బండకి అడ్డంగా తాడు కట్టి, లక్క కరిగించి పోసి, ముద్ర గుద్దారు. పోయారు. 

బళ్ళు రాలేదు. అడగడానికి పోతే ఒకసారి బళ్ళు లేవన్నారు, ఒకసారి గోతాలు లేవన్నారు, ఆ తర్వాత ఆర్డరు రాలేదన్నారు. ఇంట్లో ఉంచిన గింజ అయిపోయింది. కొందామంటే పక్క తాలూకా నుంచి రానివ్వరు. కొట్లో ఉన్న కాసిని గింజలు జనం కొనే ధరకి లేవు.

"వానలు లేవా ఆ ఏడు?" అన్నాను. కరువంటే వాన పడకపోవడమేగా అని నా తెలివి. 

"వానలకేం రా, బెమ్మాండంగా పడ్డాయి. మా అమ్మ చింతగింజలు వేయించి, నానేసి, పొట్టు తీసి, రుబ్బి జావ కాసేది. అది కాస్తా ఉంటే చూరు నుంచి నీళ్ళు ధారలు కట్టేవి. ఆకలేసేటప్పుడు వాన చప్పుడు బాగుంటదనుకున్నావా?"

"పకోడీలుంటే బాగుంటది."

"నోర్ముయ్ ఎదవా," అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. "దిబ్బలు తీసేశారా? ఆ వాన నీళ్ళన్నీ తిన్నగా పాతరల్లోకి దిగాయి. మా నాన్న పొద్దున పోయి బండ పక్కన నేలకి ముక్కు ఆనించి వాసన చూసొచ్చేవాడు. పులుస్తున్నాయి, పులుస్తున్నాయి అనేవాడు. తన జొన్న కుళ్ళిపోతా ఉంటే పైన కూచుని వాసన చూట్టం, అదీ మా బతుకు."

చుట్టుపక్కల ఇళ్ళలో ముసలివాళ్ళు, పసిపిల్లలు పోవడం మొదలైంది. నాయనమ్మ తమ్ముడు ఒకడు చంటివాడు, వాడూ పోయాడు. వాడి సంగతి ఆమె ఒక్క వాక్యంలో చెప్పి దాటేసింది. నేను కూడా దాటేస్తాను.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, పాతరలకి కాపలా ఉన్న బంట్రోతు భోజనానికి పోయిన వేళ, వాళ్ళ నాన్న సీలు పగలగొట్టాడు. 

"మరి ఒక రోజు గాలికి వదలాలన్నావుగా?"

"ఎట్టా వదులుతారా? సీలు పగలగొట్టిన పాతర రేపటిదాకా తెరిచిపెడితే జైల్లో ఎయ్యరూ? దీపం దింపే టైము కూడా లేదు. మా అమ్మా, చిన్నాన్నా తాడు పట్టుకున్నారు. ఆయన దిగి ఒక బుట్ట నింపాడు. మంచివి ఏరి నింపాడు. బుట్ట పైకొచ్చింది. తాడు మళ్ళా వదిలారు." ఆమె చేత్తో తాడు వదిలినట్టు చూపించింది. "ఎవరూ పట్టుకోలేదు."

నేను అడిగాను. "ఆ బుట్టలో జొన్నలు?"

"తిన్నాం."

నా దగ్గర అన్నిటికీ జోకు ఉంటుంది. ఈ మాటకి అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు.

తర్వాత ఆఫీసరు వచ్చాడట. ఇన్నాళ్ళూ బండి దొరకనివాడికి ఆ రోజు బండి దొరికింది. చచ్చిపోయిన మనిషి మీద సర్కారు ధాన్యం దొంగిలించాడని కేసు రాశారు. చావుకి కారణం గాలి తగలడం అని రాశారు. అంటే ఆ ఊళ్ళో ఆకలితో ఎవరూ చావలేదు. శవాన్ని తీశాక పాతరకి మళ్ళీ బండ పెట్టి మళ్ళీ సీలు వేశారు. మిగిలిన జొన్నలు పనికిరావని తర్వాతెప్పుడో తేల్చారు. మా నాయనమ్మ వాళ్ళమ్మ ఆ బండ మీద మళ్ళీ దిబ్బ పోసింది. 

చేను వాళ్ళది. తవ్విన గొయ్యి వాళ్ళది. దున్ని, విత్తి, కోసి, నూర్చి నింపిన జొన్న వాళ్ళది. ఆకలి కూడా వాళ్ళదే. లక్క మాత్రం సర్కారుది. ఆ అరచేతంత లక్క అన్నిటికన్నా బరువు తూగింది. వాన కురవనన్నదా? నేల పండనన్నదా? లేదు. దేవుడు చేయాల్సిందంతా చేశాడు. మిగతాది ఆఫీసు చేసింది. నాకు దేవుడి మీద పెద్దగా అభిప్రాయం లేదు గానీ, ఆయన చేయని పని ఆయన నెత్తిన రుద్దితే మాత్రం ఒళ్ళు మండుతుంది. 

ఇప్పుడు మాత్రం ఏం పొడిచారని? మిరపకాయలు కోసీ కోసీ నాయనమ్మ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. రేషను బియ్యం బండి దగ్గర వేలిముద్ర మెషీన్ మీద వేలు పెడితే, ఈ మనిషి లేదంటుంది. మనిషి ఎదురుగా నిలబడి ఆ మెషీన్‌ని తిడుతూ ఉంటుంది. అప్పుడు ముద్ర ఉందని తిండి ఇవ్వలేదు, ఇప్పుడు ముద్ర లేదని ఇవ్వరు. అభివృద్ధి అంటే ఇదే కాబోలు.

లంకెబిందెల పుకారు విని వచ్చిన పోలీసులు పాతర మీద రేకు కప్పించి పోయాక, మండలం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. కుర్రాడే, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, చేతిలో ట్యాబు. రేకు తీయించి లోపలికి తొంగిచూసి, "ఇంకుడు గుంత! ఆ రోజుల్లోనే ఎంత ముందుచూపండీ!" అని ఫొటో తీశాడు. ఇంకుడు గుంత కాదని చెప్పడానికి మా సర్పంచ్ తలప్రాణం తోకకొచ్చింది. సర్పంచ్ నాకు వరసకి బాబాయి, అరవై ఏళ్ళ మిరప రైతు. కరువు నాటి పాతర అనేసరికి ఆఫీసరు ఇంకా సంతోషపడ్డాడు. ఊళ్ళ చరిత్ర గుర్తులకి రాళ్ళు వేయించే పథకం ఒకటి ఉందట, అందులో పెడదామన్నాడు. ట్యాబు తెరిచి కరువుకి కారణం దగ్గర ఆగాడు. అందులో నాలుగే ఉన్నాయి. వరద, తుఫాను, అనావృష్టి, అగ్నిప్రమాదం. 

"వానలు పడ్డాయి సారూ," అంది నాయనమ్మ. 

"అలాగే అమ్మా. అయితే వరద పెట్టమంటారా?"

"వరదేంది? కావాల్సినంత పడ్డాయి."

"కావాల్సినంత అనేది ఇందులో లేదమ్మా."

ఆయన వెటకారంగా అన్లేదు. నిజంగానే వెతికాడు, కిందికీ పైకీ జరిపి చూశాడు. కావాల్సినంత వాన పడి, కావాల్సినంత పంట పండి, జనం ఆకలితో చచ్చిపోవడం అనే అవకాశాన్ని ఆ ట్యాబు తయారుచేసినవాళ్ళు ఊహించలేదు. పాపం, అంత ఊహాశక్తి ప్రభుత్వాలకే ఉంటుంది. చివరికి కరువంటే అనావృష్టే కదా అని దాన్నే నొక్కాడు. 

ఆ రాయి చెక్కే పని ఎక్కడికొచ్చిందో చెప్పక్కర్లేదు. పాతర మూతికి సరిపడా నల్లరాయి. రేకు జారి మేకలు పడుతున్నాయి కాబట్టి రాయి మూతగానూ పనికొస్తుంది, స్మారకంగానూ పనికొస్తుంది అని ఆలోచన. బాబాయి వాట్సాప్‌లో మేటరు పంపాడు. ‘అనావృష్టి వలన సంభవించిన కరువులో అసువులు బాసిన మన పూర్వీకుల స్మృత్యర్థం.’ దాని కింద ఆఫీసరు పేరు, హోదా, సర్పంచ్ పేరు, పాలకవర్గం పేర్లు. బతికున్నవాళ్ళ పేర్లే రాయిలో ముప్పాతిక వంతు తిన్నాయి. చచ్చిపోయినవాళ్ళ పేర్లు లేవు. 

ఫోన్ చేశాను. "బాబాయ్, వానలు పడ్డాయంటందిగా నాయనమ్మ."

"ఆమెకి తొంభై ఏళ్ళు రా."

"అందుకే ఆమెకి తెలుసు. నీకు అరవయ్యేగా."

"ఒరేయ్, పైనుంచి వచ్చిన మేటరు. నాకెందుకురా తలనొప్పి? రాయి కొట్టేవాడివి రాయి కొట్టు."

కొట్టాను. అనావృష్టి అనే మాట బంగారు రంగులో చాలా అందంగా వచ్చింది. 

ఆవిష్కరణ రోజు చేలో షామియానా, మైకు, కుర్చీలు, మంచినీళ్ళ సీసాలు. ట్రాక్టరు ట్రక్కులో రాయి, దాని మీద పసుపు గుడ్డ. నలుగురు కుర్రాళ్ళు రాయి దించడానికి సిద్ధంగా ఉండగా నాయనమ్మ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, పాతర అంచున చతికిలబడి, కర్ర తీసి మూతికి అడ్డంగా పెట్టింది. 

"ఇదేందిరా?"

"పాతరకి మూత నాయనమ్మా."

"దాని మీద ఏం రాశావో చదువు."

గుడ్డ తీసి చదివాను. మైకు పక్కనే ఆన్‌లో ఉందని నాకు తెలియదు. నా గొంతు పత్తి చేలన్నీ దాటి పోయింది. 

"అనావృష్టి అంటే?"

"వానలు పడకపోవడం."

"ఎవడ్రా చెప్పింది?" అన్న మాట కూడా మైకులో ఊరంతా వినపడింది. ఎవరో పరుగెత్తి మైకు కట్టేశారు. 

ఆఫీసరు దగ్గరికొచ్చి గొంతుక్కూచున్నాడు. "అమ్మా, భద్రత కోసమమ్మా. మేకలు పడుతున్నాయి."

"మేకలకి కంచె వెయ్యి సారూ. మూత మాత్రం వెయ్యొద్దు. ఒకసారి మీరు మూతేసి సీలేశారు, మా నాన్న పోయాడు. ఆకలికి పోయినోణ్ణి దొంగన్నారు. ఇప్పుడు మళ్ళా మూతేసి, పైన అబద్ధం కూడా చెక్కిస్తారా?"

"మేం కాదమ్మా, అది బ్రిటిష్‌వాళ్ళ టైములో..."

"అయితే మీకేం నొప్పి? వాళ్ళే చేశారని రాయండి."

ఆఫీసరు ఇబ్బందిగా నవ్వి, "ప్రభుత్వం అన్నాక ప్రభుత్వమే కదమ్మా," అన్నాడు. 

ఎప్పుడో ఓడెక్కి పోయిన ప్రభుత్వాన్ని ఆయన సొంత మేనత్తలా వెనకేసుకొస్తుంటే నాకు నవ్వు రావాలి. రాలేదు. చచ్చిపోయినవాళ్ళకి బంధువులు మేము. ఆ ప్రభుత్వానికి బంధువు ఈయన. ఎనభై ఏళ్ళయినా వాళ్ళ బంధుత్వం చెక్కుచెదరలేదు. మాకేమో వానలు పడ్డాయని సొంత చేలో నిలబడి నిరూపించుకోవాల్సిన గతి. 

"వానలు పడ్డట్టు ఆధారం ఏముందమ్మా?" అన్నాడు, ఇక ఓపిక పట్టలేక. 

నాయనమ్మ కర్రతో గొయ్యిలోకి చూపించింది. "లోపలుంది. రేకు తీసి వదలండి. రేపు మా వాడు దిగి తెస్తాడు."

మా వాడు అంటే నేను. నన్ను ఎవరూ అడగలేదు. 

"ఇప్పుడే దిగొచ్చు కదా?" అన్నాడు ఆఫీసరు. 

"పద్ధతుంది," అంది నాయనమ్మ. "ఒక రోజు గాలాడాలి. ఈసారి ఎవురూ తొందరపెట్టేవాళ్ళు లేరుగా."

ఆయనకి వేరే ఊళ్ళో ఇంకో కార్యక్రమం ఉందట. రేపు మధ్యాహ్నం వస్తానని పోయాడు. మంచినీళ్ళ సీసాలు మాత్రం వచ్చినవాళ్ళందరూ తలా ఒకటి పట్టుకుపోయారు. 

మర్నాడు పొద్దున నేను ఫోన్లో టార్చి వేసి, "దీపమెందుకు నాయనమ్మా, ఇది దింపుదాం. వీడియో కూడా వస్తది," అన్నాను. 

"దీపం ఆరితే లోపల గాలి లేదని తెలుస్తది. నీ ఫోను ఆరితే చార్జింగు లేదని తెలుస్తది. దీపం కట్టు."

కట్టాం. పాత డబ్బా మూతలో నూనె పోసి, వత్తి వేసి, తీగతో తాడుకి కట్టి దింపాం. నాయనమ్మ అంచున బోర్లా పడుకున్నట్టు వంగి చూసింది. ఆమె మసక కళ్ళకి ఏం కనపడిందో గానీ, చాలాసేపు చూసింది. దీపం నిటారుగా వెలిగింది. "దిగు," అంది. 

నడుముకి తాడు కట్టుకుని దిగాను. పైన నాన్నా, బాబాయీ పట్టుకున్నారు. అంత చరిత్ర ఉన్న చోట దిగుతున్నాను కదా, గుండె ఏదో అయిపోతుందనుకున్నాను. తీరా దిగాక నాకు తెలిసిన మొదటి సంగతి, సిగ్నల్ లేదు. రెండోది, చెమట. గోడల పైభాగం తెల్లటి సుద్ద, దాని మీద చొప్ప ఒత్తుకున్న చారలు ఇంకా ఉన్నాయి. నా మోకాలి ఎత్తు దగ్గర్నుంచి కింద అంతా నలుపు. తారు పోసినట్టు గట్టిగా, గోడకి అంటుకుని. గునపంతో పొడిస్తే పెళ్ళలు ఊడాయి. పెళ్ళని విరిచి టార్చి వెలుగులో చూస్తే గింజలు. నల్లగా, ఒకదానికొకటి అతుక్కుని, గుండ్రంగా. జొన్నలు. మా నాయనమ్మ చింతగింజల జావ తాగుతూ ఉండగా ఇక్కడ ఉన్న జొన్నలు. 

బుట్టలో పెళ్ళలు వేసి, "లాగండి," అన్నాను. బుట్ట పైకి పోయింది. 

తాడు మళ్ళీ కిందికొచ్చింది. పట్టుకున్నాను. 

పైకొచ్చాక నాయనమ్మ నా చొక్కా పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత, "ఇంతసేపేందిరా, నిద్రపోయావా లోపల?" అని తిట్టింది. 

మధ్యాహ్నం ఆఫీసరు వచ్చేసరికి పెళ్ళలు గోతం మీద పరిచి ఉన్నాయి. చుట్టూ జనం. ఒక పెళ్ళ ఆయన చేతిలో పెడితే, "ఏంటిది, బొగ్గా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. కల్లాల్లో మిరపకాయ తడిసి నల్లబడితే ఏమవుతుందో, పత్తి తడిసి ముద్దయితే ఏమవుతుందో ఆ చేలో నిలబడ్డ ప్రతివాడూ చూసినవాడే. బాబాయి పెళ్ళ తీసుకుని విరిచాడు, వాసన చూశాడు. ఎనభై ఏళ్ళ తర్వాత వాసనేం ఉంటుంది? అయినా చూశాడు. 

"సారూ," అన్నాడు. "పొడిగా ఉంటే జొన్న పురుగు పట్టి పిండయిద్ది. ఇట్టా నల్లగా గడ్డ కట్టదు. ఇది నీళ్ళు తాగి కుళ్ళిన జొన్న."

"అయితే?"

"అయితే ఏంది సారూ? వానే పడకపోతే పాతర నిండా నీళ్ళు ఎవరు పోశారు?"

ఆఫీసరు పెళ్ళని కింద పెట్టాడు, నెమ్మదిగానే పెట్టాడు. "నాకు అర్థమైంది సర్పంచ్ గారూ. కానీ ట్యాబులో మారదండీ. సబ్మిట్ అయిపోయింది."

"ట్యాబు మీది," అన్నాడు బాబాయి. "రాయి పంచాయతీది."

నన్ను రాయి కొట్టుకోమన్న మనిషేనా అని చూశాను. ఆయన నావైపు చూడలేదు. 

రాయి తిరిగి మార్టూరు వచ్చింది. తప్పు పడ్డ రాయిని ఏం చేస్తామంటే, మెషీన్ మీద పెట్టి ఆ ముఖమంతా అరగదీసి, కొత్తగా పాలిష్ పడతాం. అనావృష్టి పొడిపొడిగా నీళ్ళలో కలిసి కాలవలో పోయింది. నేను దగ్గరుండి చూశాను. పొదిలి మెట్టకి అనావృష్టి అలా పోతే బాగుండు. 

కొత్త మేటరు నాయనమ్మ చెప్పింది, నేను టైపు చేశాను. జొన్నలున్నాయి, తియ్యనివ్వలేదు అన్నది అందులో ముఖ్యమైన మాట. బాబాయి ఒక్కటే అడిగాడు. "ప్రభుత్వం అనే మాట రాయకురా. ఉన్నది చెప్పు, చాలు." సరేనని అలాగే డిజైన్ చేసి, కింద పాత పేర్లన్నీ ఉంచి, ఫొటో పంపాను. బాబాయి దాన్ని ఆఫీసరుకి పంపాడు. 

ఆఫీసరు నుంచి ఫోన్ వెంటనే వచ్చిందట. మంచి ప్రయత్నం, అభినందనలు, తన పేరు మాత్రం తీసేయమన్నాడు. హోదా కూడా. ఆయన పేరు తీసేయగానే పాలకవర్గానికి దిగులు పట్టింది. ఒక్కొక్కరే ఫోన్ చేసి, మాదెందుకులే అబ్బాయ్ అన్నారు. ఒక్కో పేరు తీసేకొద్దీ రాయి మీద చోటు పెరిగింది. చివరికి బాబాయి పేరు ఒక్కటే మిగిలింది, పెద్ద ఖాళీ కింద. 

"బాగోలేదు బాబాయ్, బోసిగా ఉంది. ఏం రాయను అక్కడ?"

"మీ నాయనమ్మనడుగు."

అడిగాను. ఆమె ఆలోచించను కూడా లేదు. "తియ్యనివ్వలేదన్నావు. ఎవురు తియ్యనివ్వలేదు? అది రాయి. ఇంకోటి. మా నాన్న గాలి తగిలి పోయాడని వాళ్ళు రాసుకున్నారు. ఆకలికి పోయాడని నువ్వు రాయి."

బాబాయికి ఫోన్లో చదివి వినిపించాను. మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. 

"నా పేరు కూడా తీసెయ్‌రా," అన్నాడు చివరికి. "తీసేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఎవరన్నా అడిగితే నాకు తెలియదంటా."

"వీరుడివి బాబాయ్."

"పెట్టెయ్ ఫోను."

అలా రాయి మీద ఒక్క పెద్దమనిషి పేరూ లేకుండా పోయింది. నా అనుభవంలో ఇలాంటి శిలాఫలకం ఇదొక్కటే. దాని మీద ఇలా ఉంటుంది.

‘ఆ ఏడు వానలు పడ్డాయి. పంట పండింది. జొన్నలు ఈ పాతరలోనే ఉన్నాయి. ప్రభుత్వం దిబ్బ తీసి సీలు వేసింది, తియ్యనివ్వలేదు. జొన్నలు కుళ్ళిపోయాయి. జనం ఆకలితో పోయారు. ఈ పాతరలో దిగి పోయిన మనిషి కూడా ఆకలితోనే పోయాడు. అతను దొంగ కాదు. జొన్నలు అతనివే.’

ఆవిష్కరణ ఏమీ జరగలేదు. మూత వెయ్యలేదు. గొయ్యి మీద మేకలు పడకుండా ఇనప జాలీ పెట్టాం, గాలాడుతుంది. రాయిని పక్కన నిలబెట్టాం. ఇది కథ అయితే ఆ సమయానికి నాలుగు చినుకులు పడాలి. పడలేదు. ఎండ మాడ్చేసింది, నాన్నకి నడుం పట్టేసింది. 

నాయనమ్మని తీసుకెళ్ళి రాయి ముందు నిలబెట్టి మొత్తం చదివాను. ఆమె చేతికర్రతో ఒక్కో వరుసా చూపించి, ఇక్కడేముంది, ఇక్కడేముంది అని మళ్ళీ చదివించుకుంది. వాళ్ళ నాన్న వరుస దగ్గర కర్ర ఆపి, "లోతుగా పడిందా?" అంది. 

"వేలు పెట్టి చూసుకో."

చూసుకుంది. మెషీన్ లేదన్న వేళ్ళే అవి. 

"ఆ కుర్రాఫీసరు పలకలో ఇంకా వానలు పడలేదనే ఉందా?"

"ఉంది. అది మారదంట."

"అదెన్నాళ్ళుంటది?"

"రెండు మూడేళ్ళు పనిచేస్తది. తర్వాత కొత్తది ఇస్తారు."

"మరి ఇది?"

"దీనికి మేం గ్యారంటీ ఇస్తాం నాయనమ్మా. నువ్వున్నన్నాళ్ళూ ఏం కాదు."

"నేనున్నన్నాళ్ళు నాకు రాయెందుకురా? నేను చెప్తాగా," అని కసిరింది. "నేను పోయినాక?"

"పోయినాక కూడా పోదు. అరగదీయాలంటే మార్టూరు తీసుకురావాలి. అక్కడ నేనుంటా."

ఆమె తల ఊపింది. కర్ర తీసుకుని ఇంటివైపు తిరిగింది. వంపు తిరిగిన పత్తి సాలు వెంబడి నెమ్మదిగా నడుస్తూ, ఆకలేస్తోందంది. షుగరుకి మంచిదని డాక్టరు చెప్పిన జొన్న రొట్టె ఉంది, అమ్మ చేసి పెట్టింది అన్నాను. 

"నువ్వు తిను," అంది. "నాకు అన్నం పెట్టమను."